చెరువులో చేపపిల్లలు పోసే ముందు

మత్తళ్లు దుంకే రోజుల్లో ఓరుగల్లు చుట్టుపక్కల చెరువులకు చేపలు రెండు దారుల్లో వస్తాయి. పరక, జెల్ల, వాలుగ, కొర్రమీను వాగుల్లో ఎదురెక్కి వాటంతటవే చేరుకుంటాయి. బొచ్చె, రోహు, మృగాల, బంగారు తీగ వంటి కార్పు చేపల పిల్లలేమో ప్లాస్టిక్ సంచుల్లో నీళ్లు, ఆక్సిజన్ నింపుకొని బండ్లమీద దిగుతాయి. 2016-17 నుంచి తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం ఈ పిల్లలను మత్స్య సహకార సంఘాల చెరువులకు ఉచితంగా ఇస్తోంది. ఏటా సంఘాల్లోనూ పత్రికల్లోనూ వినిపించే మొదటి ప్రశ్న ఎన్ని లక్షలు పోశారన్నదే. నా దృష్టిలో అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. పోసిన పిల్ల ఎంత పొడవుంది, ఏ అదునులో నీళ్లలో పడింది, ఆ చెరువు అంచున దానికి తిండీ చాటూ ఉన్నాయా అన్నవి ముందు తేలాలి. దిగుబడి చాలావరకు వీటిమీదే ఆధారపడుతుంది.

బొచ్చె పైనీళ్లలో, రోహు నడిమి నీళ్లలో, మృగాల అడుగున మేస్తాయి కాబట్టి మూడింటినీ కలిపి పెంచితే ఒకదాని తిండికి మరొకటి అడ్డురాదని చేపల పెంపకంలో మొదటి పాఠంగా చెబుతారు. ఎదిగిన చేపల విషయంలో ఇది నిజమే. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, దాని మొప్పల్లోని సన్నని జల్లెడ నీటిలో తేలే జంతు ప్లవకాలను పట్టుకుంటుంది. రోహు తన కుచ్చుల పెదవులతో రాళ్లకూ మొక్కలకూ పట్టిన నాచును గీరుకు తింటుంది. మృగాల అడుగు బురదలో కుళ్లిన ఆకును, చెత్తను ఏరుకుంటుంది. అయితే ఈ పంపకం పుట్టుకతో వచ్చింది కాదు. గుడ్డు పగిలిన మూడు రోజులకు పొట్టలోని సొన కరిగిపోయాక మూడింటి పిల్లలూ వెతికేది ఒకే తిండి, కంటికి ఆనీ ఆనని జంతు ప్లవకాలు. రెండు మూడు సెంటీమీటర్లు దాటాకే నోరు, మొప్పలు, పేగు దేని తీరులో దానికి కుదిరి దారులు మెల్లగా వేరవుతాయి. ఒడిశాలో 1957 జులై 10న హీరాలాల్ చౌదరి ఇంజెక్షన్‌తో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించేదాకా పెంపకానికి కావలసిన పిల్లలను ఎక్కువగా వరద నదుల్లోనే పట్టేవారు. ఆ వలల్లో బొచ్చె, రోహు పిల్లలతో పాటు ఎవరూ కోరని చేపల పిల్లలూ కలగలిసి వచ్చేవి. తల్లులు ఎక్కడ మేసినా, పసితనంలో ఈ జాతులన్నిటికీ వరద అంచున లోతు తక్కువ నీళ్లే నెలవు.

ఒకే తిండికి అందరూ చేరితే కొన్ని జాతులు నదిలో ఎప్పుడో కనుమరుగు కావాలి కదా, మరి తరతరాలుగా కలిసి ఎలా బతుకుతున్నాయని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. పనామా వాగుల చేపల మీద జారెట్, రాండ్ అనే శాస్త్రవేత్తలు 1971లో ప్రచురించిన పరిశోధన దీనికి జవాబు ఇస్తుంది. వానాకాలంలో తిండి సమృద్ధిగా ఉన్నప్పుడు వేర్వేరు జాతులు ఒకే మేత తిన్నాయి. ఎండాకాలంలో కరువు రాగానే ఏ జాతికి ఆ జాతి తన మేతకు మళ్లింది. మన చెరువుల్లోనూ తొలి వరద శిఖం మీదికి, అంటే నీళ్లు తగ్గినప్పుడు బయటపడే చెరువు భూమి మీదికి, ఎక్కగానే అక్కడి గడ్డి, పేడ నాని కుళ్లి ప్లవకాలు విపరీతంగా పెరుగుతాయి. పసిపిల్లలు పంచుకోగలిగే కాలం అదే. అదును దాటాక, నీళ్లు తీసే వేళకు వచ్చిన చిన్న పిల్లకు ఆ పొంగు దక్కదు.

అవసరమొస్తే వాటంతటవే విడిపోతాయి కదా, మనకెందుకు బెంగ అనేవారూ ఉంటారు. విడిపోవడానికి వేరే చోటుండాలి, వేరే నోరుండాలి. హిమాచల్‌ప్రదేశ్‌లోని గోవింద్‌సాగర్ జలాశయంలోకి 1971లో వెండి చేప (సిల్వర్ కార్ప్) అనుకోకుండా చేరింది. అదీ బొచ్చె లాగే పైనీళ్లలో ప్లవకాలను వడకట్టుకు తినేదే. అది విస్తరించింది, బొచ్చె క్షీణించింది. అక్కడ లేనిది వేరే నోరు. మన దగ్గర కరువయ్యేది వేరే చోటు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీతను నేను తప్పుపట్టను. లోతున్న చెరువే ఎండాకాలంలో చేపకు ప్రాణం. కానీ పూడికతో పాటు అంచులోని తుంగ, గడ్డి, నీటిమొక్కలన్నీ చెక్కేస్తే, శిఖం భూమి ఆక్రమణల్లో పోతే, పిల్లలు చెదిరి మేసే లోతు తక్కువ జాగా మిగలదు.

అన్నింటికన్నా బలమైన అభ్యంతరం సంఘం సభ్యులది. పరక లాంటి చిల్లర చేప మేం పోసిన పిల్లల తిండి తింటుంది, వాలుగా కొర్రమీనూ ఆ పిల్లలనే తింటాయి, వాటిని ఎందుకు ఉంచాలి అని. ముదిరాజులు, గంగపుత్రుల బతుకు ఆ వలమీద ఉంది కాబట్టి దీన్ని కొట్టిపారేయకూడదు. పిల్లలు పెంచే నర్సరీ కుంటలో వేటాడే చేపను తీసేయాల్సిందే. పాకాల, రామప్ప వంటి చెరువుల్లో, గొలుసుకట్టు చెరువుల్లో అది సాధ్యం కాదు. ఈ ఏడు తీసేసినా వచ్చే వానకు వాగు మళ్లీ తెస్తుంది. వేటగాడి నోటికి పట్టనంత పెద్ద పిల్లను వదలడమే అక్కడ తగిన ఉపాయం. పైగా వాలుగ, కొర్రమీను చిల్లర చేపనూ తిని అదుపులో ఉంచుతాయి. కొర్రమీను రాష్ట్ర చేప, బజారులో కార్పుల కన్నా ఎక్కువ ధర పలికేది. ఇక చిల్లర చేపల సంగతి. బంగ్లాదేశ్ కుంటల్లో మోలా అనే చిన్న చేపను కార్పులతో కలిపి పెంచినప్పుడు కార్పుల దిగుబడి చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. విటమిన్ ఎ దండిగా ఉన్న ఆ చేప తలా ముల్లూ సహా పెంపకందారుల ఇంటి కూరలోకి చేరింది. చిన్న చేపల పోషక విలువ మీద చేసిన కృషికి శకుంతల థిల్‌స్టెడ్ 2021లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. అమ్మడానికి బొచ్చె, వండుకోవడానికి పరక అన్న లెక్కలో సంఘానికి నష్టం లేదు.

అందుకే సంఘాలు పట్టుబట్టాల్సింది సంఖ్య కోసం కాదు. ఏడాది పొడవునా నీళ్లుండే చెరువులకు 80-100 మిల్లీమీటర్ల పిల్ల, మిగతా చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్ల అన్నది ప్రభుత్వ పథకంలోని కొలతే. చిన్న కొలత పిల్ల మేతలు వేరవడం అప్పుడే మొదలైన దశలో ఉంటుంది, పెద్దది ఆ పోటీని దాటి వచ్చింది. సంచి విప్పేముందు నలుగురి ఎదుట గుప్పెడు పిల్లలను కొలవడానికి ఒక స్కేలు చాలు. కొలతకు తగ్గినా, అదును దాటినా సరుకు వెనక్కి పంపే హక్కు సంఘానికి ఉండాలి. చెరువు చుట్టూ కొంత మేర తుంగను, గడ్డిని ముట్టకుండా వదలాలని సంఘమే తీర్మానం చేసుకోవచ్చు, దానికి ఖర్చు లేదు. లక్ష పిల్లలకు చోటూ తిండీ లేని చెరువులో రెండు లక్షలు పోస్తే పెరిగేది చావులే. సగం పోసినా సరైన సైజులో, సరైన వేళకు, అంచు మిగిలిన చెరువులో పోస్తే వలకు బరువు వస్తుంది.