మాస్కు కట్టే ముందు

తిరుమలాయపాలెం వైపు పల్లెల నుంచి దమ్ముతో వచ్చే పెద్దమ్మలను చూడగానే నా చూపు వాళ్ల పొట్ట మీదకే పోతుంది. నిమిషానికి ఎన్నిసార్లు ఎగిసిపడుతోందో గడియారం పెట్టుకుని లెక్కపెడతాను. మొన్న వచ్చిన అవ్వకు ముప్పై ఆరు. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదిన మనిషి. వెంట వచ్చిన కొడుకు ఒకటే మాట: "సార్, ఆక్సిజన్ ఎక్కువ పెట్టండి."

ఆ మాట 2021 వేసవిలో వేలసార్లు విన్నాం. అప్పటి జబ్బు వేరు. కోవిడ్‌లో రక్తానికి ఆక్సిజన్ అందేది కాదు. ముక్కులోంచి నిమిషానికి అరవై లీటర్లు పంపే హైఫ్లో మిషన్ హాయిగా ఉండేది, కానీ ఏడు వేల లీటర్ల పెద్ద సిలిండర్ రెండు గంటలు కూడా వచ్చేది కాదు. 2022లో వెలువడ్డ బ్రిటన్ అధ్యయనం చూసి హైఫ్లో మీద నా అంచనా మార్చుకున్నాను. శ్వాసనాళంలో గొట్టం వేయాల్సి రావడం లేదా చనిపోవడం మామూలు ఆక్సిజన్‌తో 44 శాతం ఉంటే, ఎడతెగని ఒత్తిడితో గాలినిచ్చే సీప్యాప్‌తో 36కి తగ్గింది. హైఫ్లోతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అవ్వ సంగతి అది కాదు. మణికట్టు ధమని నుంచి తీసిన రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయింది. లోపలి గాలి బయటికి పోవట్లేదు. ఇలాంటివాళ్లకు రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలు, అంతకు మించి పెంచితే మత్తు కమ్ముతుంది. కావలసింది బైప్యాప్. మాస్కులోంచి గాలిని పీల్చేటప్పుడు గట్టిగా తోస్తుంది, వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గిస్తుంది. 1995లోనే బ్రొషార్ అనే వైద్యుడి బృందం ఇలాంటి 85 మంది రోగుల మీద చూపించింది: గొట్టం అవసరం 74 శాతం నుంచి 26కి పడిపోయింది.

మాస్కు ముందు అవ్వ చేతికే ఇచ్చాను. తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, ఆమె చేతిమీద చెయ్యి వేసి ముఖానికి ఆనించాను. "అవ్వా, గాలి తోస్తది, భయపడకు. దాంతోపాటే పీల్చు." పట్టీలు ఆఖర్న. బిగిస్తే ముక్కు దూలం మీద పుండు, వదులైతే కళ్లలోకి గాలి.

గంటలో మళ్లీ లెక్క, మళ్లీ రక్తపరీక్ష. మెరుగు లేకపోతే వెంటిలేటర్‌కు వెళ్లిపోవాలి. మాస్కు మీద నమ్మకంతో ఆలస్యం చేయడమంటేనే నాకు అన్నిటికంటే భయం.

రెండో గంటకు ఇరవై నాలుగు. అవ్వ సైగచేసి నీళ్లడిగింది. మాస్కు తీసి, కూర్చోబెట్టి, నాలుగు గుక్కలు తాగించి మళ్లీ కట్టాం.