చంపే ఎంజైమ్‌ల బతుకు పని: కాస్పేజ్-1, కాస్పేజ్-8

కాస్పేజ్ అనగానే మన పాఠ్యపుస్తకాలు కణమరణం అధ్యాయం తెరుస్తాయి. ప్రొటీన్లను తెగ్గోసే ఈ ఎంజైమ్‌లు కణాన్ని లోపలినుంచి కూల్చే మాట నిజమే. కానీ రోగనిరోధక కణాల్లో, కణం నిక్షేపంగా బతికున్నప్పుడు కూడా ఇవి పనిచేస్తాయి. ఈ కోణంలో కాస్పేజ్-1నీ కాస్పేజ్-8నీ పక్కపక్కన పెట్టి చూస్తే, రెంటి చరిత్రలూ ఎదురెదురు దారుల్లో నడిచినట్టు కనిపిస్తుంది.

1992లో కాస్పేజ్-1 బయటపడినప్పుడు దానికి చావుతో పనే లేదు. మోనోసైట్లలో 31 కిలోడాల్టన్ల పూర్వరూపాన్ని కోసి, జ్వరం తెప్పించే 17 కిలోడాల్టన్ల ఇంటర్‌ల్యూకిన్-1బీటాను తయారుచేసే ఎంజైమ్ అది, అంతే. సీ. ఎలిగాన్స్ అనే నులిపురుగులో కణాల చావుకు కారణమయ్యే సెడ్-3 దానికి పోలికగా ఉందని మరుసటేడు తేలాకే హంతక ముద్ర పడింది. కాస్పేజ్-8 సంగతి వేరు. 1996లో అది మరణగ్రాహకం ఫాస్ అనుచరుడిగానే లోకానికి పరిచయమైంది.

దాని రెండో ముఖం 2002లో ఒక కుటుంబంలో కనిపించింది. కాస్పేజ్-8 జన్యువులో లోపం ఉన్న తోబుట్టువులకు లింఫ్ గ్రంథులు ఉబ్బాయి. చావాల్సిన కణాలు చావకపోతే జరిగేది అదే కాబట్టి అందులో వింత లేదు. వింతేమిటంటే, వాళ్లకు హెర్పిస్, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు పదేపదే వచ్చాయి, టీకాలకు స్పందన సరిగా లేదు. కణాలైతే ఉన్నాయి, మేల్కోవడమే లేదు. టి కణం యాంటిజెన్‌ను గుర్తించినప్పుడు కాస్పేజ్-8, సి-ఫ్లిప్ అనే జోడీతో కలిసి పరిమితంగా కోస్తుంది. ఆ పరిమితిలోనే దాని బతుకు పని ఉంది.

అయితే 2011లో ఎలుకలపై చేసిన ప్రయోగాలు ఈ కథకు మెలిక పెట్టాయి. కాస్పేజ్-8 ఒక్కటే లేని పిండాలు గర్భంలోనే చనిపోతాయి. దానితోపాటు నెక్రాప్టోసిస్ అనే ఇంకో రకం కణమరణాన్ని నడిపే రిప్‌కె3 ప్రొటీన్‌ను కూడా తీసేస్తే ఎలుకలు పుట్టి పెరిగాయి, టి కణాల వృద్ధి కూడా కోలుకుంది. అంటే కాస్పేజ్-8 చేసే ‘జీవసేవ’లో పెద్ద భాగం ఆ నెక్రాప్టోసిస్‌ను ఆపడమే. దీంతో దాని గొప్ప తగ్గిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. కాపలా కూడా పనే కదా!

మరి కాస్పేజ్-1? అది గాస్‌డెర్మిన్-డి అనే ప్రొటీన్‌ను కోస్తే కణపొరలో సుమారు 20 నానోమీటర్ల రంధ్రాలు పడతాయి. ఇంటర్‌ల్యూకిన్-1బీటా వాటిగుండానే బయటకు పోతుంది. రంధ్రాలు ఎక్కువైతే కణం పగులుతుంది. తక్కువైతే ఎస్కార్ట్ ప్రొటీన్లు పొరకు మరమ్మతు చేస్తాయి, కణం బతికి బట్టకడుతుంది. ఇక్కడ బతికించేది మరమ్మతు బృందం, కాస్పేజ్-1 కాదు.

రెంటినీ పూర్తిగా విడదీసి తూకం వేయడమూ కుదరదు. ఉస్మానియాలో చదివి, మెంఫిస్‌లోని సెయింట్ జూడ్‌లో పరిశోధన చేస్తున్న తిరుమలదేవి కన్నెగంటి బృందం ఈ రెండూ ఒకే ప్రొటీన్ సముదాయంలో కలిసి పనిచేసే సందర్భాలను చూపింది. అయినా తీర్పు చెప్పమంటే, బతికున్న కణానికి నిజమైన ఉద్యోగి కాస్పేజ్-8 అనే అంటాను. ఎందుకంటే, దాన్నీ కలిపి కాస్పేజ్‌లన్నిటినీ అణిచే జడ్‌వ్యాడ్ కలిపిన ఎల్929 ఎలుక కణాలు, టీఎన్ఎఫ్ అనే వాపు సంకేతం తగిలితే బతకడం అటుంచి మరింత త్వరగా చస్తాయని 1998లోనే తేలింది.