బొమ్మ నిలవాలంటే ఏ కెమెరా?

ఫిలిం కెమెరా కొనాలా, డిజిటల్ కొనాలా అని అడిగేవాళ్లు రెండు ప్రశ్నల్ని కలిపేస్తుంటారు. కెమెరా ఎన్నేళ్లు పనిచేస్తుందన్నది ఒకటి. దాంతో తీసిన బొమ్మ ఎన్నేళ్లు ఉంటుందన్నది ఇంకొకటి.

మొదటిది తేల్చడం తేలిక. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఎం2నే తీసుకోండి. దాని షట్టర్ నడిచేది స్ప్రింగులు, పళ్లచక్రాల మీద. బ్యాటరీ లైట్ మీటర్ కోసమే. అది అయిపోయినా సెకనులో 4,000వ వంతు దాకా అన్ని వేగాలూ పనిచేస్తాయి. డిజిటల్ కెమెరాలో బ్యాటరీ లేకపోతే ఏదీ కదలదు. పైగా ఆ బ్యాటరీ వాడినా వాడకపోయినా ఏటేటా సత్తువ కోల్పోతుంది. కంపెనీ దాన్ని తయారుచేయడం మానేస్తే బాగున్న కెమెరా కూడా అటకెక్కాల్సిందే.

అలాగని పాతవన్నీ మేలైనవేం కావు. కొనేముందు వెనక తలుపు తీసి, షట్టర్‌ను ఒక సెకను మీద పెట్టి నొక్కి చూడండి. లోపలి గ్రీజు ఎండిపోతే చక్రాలు ఈడుస్తూ తిరుగుతాయి, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతాయి. తలుపు అంచు గాడిలోని నల్ల స్పాంజి వేలికి జిగటగా అంటుకుందంటే లోపలికి వెలుతురు దూరే ప్రమాదం ఉన్నట్టే. దాన్ని మార్పించుకోవచ్చు. లెన్సును దీపానికి ఎదురుగా పట్టి చూసినప్పుడు సన్నటి పోగులు అల్లుకుని కనిపిస్తే మాత్రం, ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి. అది బూజు. సముద్రతీరపు ఊళ్ల తేమకి త్వరగా పడుతుంది.

ఇక బొమ్మ మన్నిక. నలుపు తెలుపు నెగెటివ్ మీద మిగిలేది వెండి. వెలుతురు సోకిన వెండి లవణాలను డెవలపర్ అచ్చమైన వెండిగా మారుస్తుంది, సోకనివాటిని హైపో, అంటే ఫిక్సర్, కరిగించి తీసేస్తుంది. అసలు ఓపిక కావలసింది ఆ తర్వాత, నీళ్లతో కడిగేటప్పుడే. డెవలపర్‌లో తప్పు జరిగితే అప్పుడే కంటికి కనిపిస్తుంది. హైపో పూర్తిగా వదలకుండా ఆరేసిన రీలు మాత్రం ఆ రోజు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఏళ్లు గడిచాక అందులోని గంధకం వెండిని పట్టి పసుపుకు, ఆపైన గోధుమరంగుకు తిప్పేస్తుంది. గట్టిపరిచే మందు కలపని ఫిక్సర్ వాడేవాళ్లకి ఫిలిం కంపెనీ ఇల్‌ఫర్డ్ చెప్పే పద్ధతి సులువు: ట్యాంకు నిండా నీళ్లు పోసి ఐదుసార్లు బోర్లించి పారబోయడం, కొత్త నీళ్లతో పదిసార్లు, మళ్లీ కొత్త నీళ్లతో ఇరవైసార్లు.

వెండి బొమ్మ ఎంతకాలం నిలుస్తుందో చూడండి. నిజాం కొలువులో పనిచేసిన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. అలాంటి పలకను చూడటానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, కాస్త వెలుతురు చాలు.

రంగుల రీలుకి ఈ భరోసా లేదు. కడిగేటప్పుడు అందులోంచి వెండిని తీసేస్తారు, మిగిలేవి రంగులే. అవి వెలుస్తాయి. ఎర్రబారిన పాత పెళ్లి ఆల్బమ్‌లు ఎవరింట్లో లేవు? కోడాక్రోమ్ అనే రీలు రంగులు గట్టివే, కానీ దాన్ని కడిగే చివరి ల్యాబ్, అమెరికాలోని కాన్సాస్‌లో, 2010 డిసెంబరు చివర్లో రీళ్లు తీసుకోవడం ఆపేసింది. అప్పటికి అక్కడికి చేరని రీళ్ల రంగులు ఇక దక్కనట్టే.

డిజిటల్ బొమ్మకి నకలు తీస్తే అసలుకీ దానికీ తేడా ఉండదు. ఆ సుగుణం ఫిలింకి లేదు. కానీ నకళ్లు తీసే మనిషి ఉండాలి. రెండు హార్డ్ డిస్కులు రెండు ఇళ్లలో ఉండాలి, కొన్నేళ్లకోసారి కొత్తవాటిలోకి ఎక్కించాలి. ఇంట్లో అంత శ్రద్ధ ఎవరికుంటుంది?

అందుకే నా ఓటు చీలింది. పెళ్లిళ్లకి, పిల్లలకి, రంగు అవసరమైన ప్రతిదానికీ డిజిటల్, నచ్చినవాటికి తప్పకుండా ప్రింట్లు. ఇంటి పెద్దల ముఖాలకీ, కూల్చబోయే ఇంటికీ నలుపు తెలుపు రీలు. దాన్ని ఆరారు ఫ్రేముల ముక్కలుగా కోసి, పాలీప్రొపిలీన్ కవర్లలో, ఎండ వేడి తగలని గదిలో ఉంచాలి. వేడి, తేమ కలిస్తే అసిటేట్ ఫిలిం చెడుతుంది, డబ్బా తెరవగానే వెనిగర్ ఘాటు కొడుతుంది. కెమెరానీ ఊరికే ఉంచకండి. రీలు లేకపోయినా అప్పుడప్పుడూ అన్ని వేగాల మీదా షట్టర్ నొక్కుతుంటే చక్రాలు బిగుసుకుపోవు.