కాగితపు పుస్తకమా, ఈ-రీడరా?

తాండూరు, వికారాబాదుల నుండి రైలులో హైదరాబాదు పోయివచ్చు విద్యార్థులు, ఉద్యోగులు గలరు. ఆ ప్రయాణకాలము చదువుటకు చక్కగా ఉపకరించును. సంచిలో ఉంచుకొనవలసినది కాగితపు పుస్తకమా, ఈ-రీడరు అను పలకయా? (తాండూరులో పలకలనగానే రాతిబండలు గుర్తుకు వచ్చును గాని, ఇది అరచేతిలో ఇముడునది.) ఈ యంత్రమును పొగడువారును, నిందించువారును దానిని సెల్‌ఫోనుతో కలిపివేయుచున్నారు. అది సరికాదు.

ఫోను తెర స్వయముగా వెలుగును. ఈ-రీడరు తెరలోనిది ఎలెక్ట్రానిక్ సిరా. 1990ల చివర అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జోసెఫ్ జేకబ్‌సన్, ఆయన విద్యార్థులు దీనిని రూపొందించిరి. వెంట్రుక మందము గల సూక్ష్మగుళికలలో తెల్లని, నల్లని రేణువులు ద్రవములో తేలుచుండును. తెల్లవాని విద్యుదావేశము ఒకటి, నల్లవానిది దానికి విరుద్ధము. అడుగున విద్యుత్ క్షేత్రపు దిశ మార్చినచో ఒక రంగు పైకి వచ్చును. వచ్చినది అక్కడే నిలుచును. పుట తిప్పునప్పుడు మాత్రమే తెరకు విద్యుత్తు కావలెను గనుక, ఒకసారి ఛార్జి చేసినచో వారములు గడచును. కాగితముపై వలెనే బయటి వెలుతురుతో అక్షరములు కనబడును. ఎండలో మరింత స్పష్టము. కనుక ఫోను తెరపై మోపు నేరములన్నిటిని దీనిపై మోపరాదు.

మరి అర్థమగుట మాట? 54 పరిశోధనలను, 1,70,000కు పైగా పాఠకులను కలిపి చూచిన 2018 నాటి సమీక్షలో, సమాచారమునిచ్చు పాఠములు తెరపై కంటె కాగితముపైననే బాగుగా అర్థమగుచున్నవనియు, కథలలో భేదము కనబడలేదనియు తేలినది. 2019లో నార్వేకు చెందిన ఆన్ మాంగెన్ బృందము 50 మందికి ఒకే కథనిచ్చి, సగము మందిచే పుస్తకములోను, తక్కినవారిచే కిండిల్‌లోను చదివించిన పరిశోధనను ప్రకటించెను. కథ ఉభయులకును ఇంచుమించు సమానముగనే అర్థమైనది. సంఘటనల వరుస చెప్పుటలో మాత్రము కిండిల్ పాఠకులు వెనుకబడిరి. చదివిన పుటల మందము చేతికి తెలియకపోవుట ఇందుకు కారణము కావచ్చును. భౌతికశాస్త్ర పుస్తకమును ముందుకు వెనుకకు తిరగవేయు పదవ తరగతి విద్యార్థికి ఇది చిన్న లోపము కాదు.

తెలుగు పాఠకుని చిక్కు వేరు. 2016 డిసెంబరులో అమెజాన్ సంస్థ కిండిల్‌లో హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకములను ప్రవేశపెట్టినది. ఆ ఐదింటిలో తెలుగు లేదు! లిపి కష్టమైనదను సాకు చెల్లదు. యూనికోడ్‌లో తెలుగునకు 1991 నుండియు స్థానము కలదు. 'స్త్రీ' అను ఒక్క అక్షరమునకు ఆరు సంకేతములు కావలెను. వానిని కూర్చి ఒత్తులను క్రింద నిలుపుట యంత్రము పని. మలయాళపు కూటాక్షరములను కూర్చగలిగినది మన ఒత్తులకు జంకనేల?

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు గ్రంథములు విస్తారముగా లభించుచున్నవి గాని, అవి పుటల ఛాయాచిత్రములు. ఆరంగుళముల తెరపై అక్షరములు చీమలబారు వలె కనబడును. పెద్దవి చేసినచో పంక్తి అంచు దాటిపోవును.

కాబట్టి ఆంగ్ల నవలలు చదువగోరు తెలుగు మాధ్యమపు విద్యార్థికి ఈ పలక మేలు. పదముపై వ్రేలు పెట్టినంతనే నిఘంటువు తెరచుకొనును. పాఠ్యపుస్తకమునకు, తెలుగు సాహిత్యమునకు కాగితమే మేలు. పలక కొనలేనివారు చిన్నబుచ్చుకొననక్కరలేదు. 1960 నాటి గ్రంథాలయముల చట్టము ననుసరించి గృహస్థులు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సుంకమును చెల్లించుచునే యున్నారు. ఆ సొమ్ముతో తమ ఊరి గ్రంథాలయమునకు ఏ పుస్తకములు వచ్చినవో ఉపాధ్యాయులు, విద్యార్థులు పోయి అడుగవచ్చును.