ఉద్యోగమిచ్చే ఆట, ఆటే ఉద్యోగం

పల్నాడు పాఠకుడికి వాలీబాల్‌ను పరిచయం చేయనక్కర్లేదు. సంక్రాంతి పోటీలు, బడి గ్రౌండులో సున్నంతో గీసిన కోర్టు, సెట్టు సెట్టుకీ వదులైపోయే నెట్టు, దాన్ని మళ్లీ బిగించే కుర్రాడు - నరసరావుపేటలోనైనా గురజాలలోనైనా ఇదంతా చూసిందే. "బాగా ఆడితే రైల్వేలో తీసుకుంటారు" అన్న మాటా విన్నదే. ఆడపిల్ల విషయానికొచ్చేసరికి ఆ మాటకు బలం ఇంకా ఎక్కువ. పిల్ల నిక్కరేసుకుని గ్రౌండుకెళ్తుంటే ముఖం చిట్లించే తండ్రిని ఒప్పించేది చాలాసార్లు ఆ ఉద్యోగం ఆశే.

ఈ దారి చిన్నదేం కాదు. జి. మాలినీ రెడ్డి 1973లోనే వాలీబాల్‌లో అర్జున అందుకున్నారు. పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు. ఆయన భార్య విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. ఇద్దరూ రైల్వే ఉద్యోగం చేసినవాళ్లే. ఇండియా జెర్సీ వేసుకోవడమే ఇక్కడ అంతర్జాతీయ జీవితం. విదేశీ క్లబ్బు ఆ లెక్కలోకి రాదు.

అదే సియోల్ పక్కనున్న అన్సాన్‌లో 1988లో పుట్టిన దక్షిణ కొరియా వాలీబాల్ క్రీడాకారిణి కిమ్ యోన్ కోంగ్‌ది మరో లోకం. 2005లో సొంత దేశంలో హుంగుక్ లైఫ్ జట్టుతో మొదలై, 2009లో జపాన్‌కు, 2011లో టర్కీలోని ఫెనర్‌బాచెకు, తర్వాత షాంఘైకి, మళ్లీ టర్కీలో ఎజాజిబాషికి. మన అమ్మాయికి ఒకసారి ఇచ్చిన పోస్టు రిటైరయ్యేదాకా ఉంటుంది. ఆమెకేమో ఒప్పందం గడువు తీరేదాకానే. మోకాలు దెబ్బతింటే మనవాళ్లు ఆఫీసులో ఫైళ్లు చూసుకుంటారు. అక్కడ మోకాలే పెట్టుబడి.

అయినా ఇద్దరి వెనకా ఉన్నది, ఆట కాక వేరే పని ఉన్న ఒకే రకం యజమాని. హుంగుక్ ఒక జీవిత బీమా కంపెనీ, ఎజాజిబాషి మందుల వ్యాపారంతో ఎదిగిన సంస్థ. ఇక జపాన్‌లో ఆమె ఆడిన జేటీ మార్వెలస్‌లోని జేటీ అంటే జపాన్ టొబాకో. పొగాకు బేళ్ల మధ్య పెరిగిన గుంటూరు సీమవాళ్లం, ఈ చుట్టరికం మనకు నచ్చక మానదు! 1964 టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జపాన్ మహిళల జట్టులో ఎక్కువమంది నిచిబో బట్టల మిల్లు ఉద్యోగినులే. అంటే వాళ్లదీ ఒకప్పుడు మన రైల్వే దారే. కాలక్రమంలో అక్కడ ఉద్యోగం పక్కకు జరిగి ఆట ముందుకొచ్చింది. మన దగ్గర ఆ జరుగుబాటు ఆగిపోయింది. 2022లో మొదలైన ప్రైమ్ వాలీబాల్ లీగ్‌లో హైదరాబాద్‌కు జట్టుంది, కానీ అది మగవాళ్ల పోటీ.

ఆట తీరులోనూ తేడా కనిపిస్తుంది. కిమ్ ఎత్తు 192 సెంటీమీటర్లు. అయితే బడి రోజుల్లో ఆమె పొట్టిపిల్ల. వెనక నిలబడి బంతులు తీయడం, లేపి అందించడం నేర్చుకుంది. హైస్కూల్లో ఒక్కసారిగా ఎదిగాక ఆ నేర్పు పోలేదు. అందుకే బలంగా వచ్చిన సర్వీసును ముంజేతుల మీద మెత్తగా తీసుకుని, మరుక్షణం నెట్టు దగ్గరకు పరుగెత్తి అదే బంతిని తనే కొట్టగలిగేది. మన దగ్గర ఏడో తరగతిలో పొడుగ్గా కనిపించిన పిల్లను నేరుగా 2.24 మీటర్ల నెట్టు ముందుకు తోసేస్తారు. సెలక్షన్లో కంటబడేది షాటే కదా. ఉద్యోగానికి అది చాలు. ఆటకు చాలదు.

స్వేచ్ఛ మాత్రం ఎవరికీ ఊరికే రాలేదు. ప్రభుత్వోద్యోగి విదేశం వెళ్లాలంటే శాఖ అనుమతి ఎలాగో, వృత్తి క్రీడాకారిణికి సమాఖ్య ఇచ్చే బదిలీ పత్రం అలాగే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కిమ్ 207 పాయింట్లు చేసింది. జట్టు నాలుగో స్థానంలో ఆగినా ఉత్తమ క్రీడాకారిణి తనే. ఆ ఏడాదే, టర్కీలో ఉంటానని ఆమె, మేం అరువిచ్చిన మనిషని హుంగుక్ పట్టుబట్టడంతో తగవు అంతర్జాతీయ సమాఖ్య దాకా పోయింది. ఆమె టర్కీలోనే ఉండగలిగింది, కానీ మన సీనియర్ క్లర్కు బదిలీ కోసం పడే పాట్లకు ఆమె పడ్డవేమీ తీసిపోవు.

రమణ, విజయల ఇంట పుట్టిన అంతర్జాతీయ జీవితం చివరికి బ్యాడ్మింటన్‌లో పండింది. వాళ్ల కూతురు పి.వి. సింధు రాకెట్ పట్టిన తొలి కోర్టులు కూడా సికింద్రాబాద్‌లో రైల్వేవాళ్లవే. 2021 ఆగస్టు 1న టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె కాంస్యం గెలిచింది; 8న కిమ్ జట్టు సెర్బియా చేతిలో కాంస్యం పోగొట్టుకుంది. కిమ్ 2025లో హుంగుక్‌కే టైటిల్ గెలిపించి ఆట మానేసింది. ఒంటరి ఆటలో, కోట్ల ఒప్పందాల మధ్య ఉన్న సింధునూ మన సంప్రదాయం వదల్లేదు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నియామక పత్రం చేతికిచ్చింది. 2019లో బాసెల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యేనాటికి ఆమె డిప్యూటీ కలెక్టర్.