వేలు పట్టేంత సందు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక టైర్ల షాపు మేస్త్రి పనిచేస్తుంటే ఆ పూటంతా కదలకుండా చూశాను. ఒక కుర్రాడు స్విఫ్ట్ తెచ్చాడు. ఉన్న 185/65 ఆర్15 తీసేసి 205/65 వేయమన్నాడు, బండి నిండుగా కనబడాలని. మేస్త్రి సుద్దముక్క తీసుకుని సిమెంటు నేల మీద లెక్క కట్టాడు. 185లో 65 శాతం, 120 మిల్లీమీటర్ల చిల్లర. అది టైరు గోడ ఎత్తు. పైనా కిందా రెండు గోడలు, మధ్యలో 381 రిమ్ము, వెరసి 621.5. అదే లెక్క 205కి కడితే 647.5.

"26 పెరిగింది బాబూ. టైరు పైన 13 సందు పోయినట్టే. గుంటలో పడ్డప్పుడు రాసుకుంటుంది. మీటరు 100 చూపిస్తే బండి 104లో ఉంటుంది."

ఆ పక్కనే ఇంకో రెండు సైజులు రాశాడు. ఇదే కారు కింది మోడల్‌కు కంపెనీ ఇచ్చే 165/80 ఆర్14 మొత్తం 619.6. తను వేద్దామంటున్న 195/55 ఆర్16 అయితే 620.9. రిమ్ము పెరిగిన మేరకు గోడ తగ్గింది, చక్రం మాత్రం పెరగలేదు. ఎంత అందమైన లెక్క!

తర్వాత కొత్త రిమ్మును బోర్లించి, అడ్డంగా ఇనుప బద్ద పెట్టి, హబ్బుకు ఆనుకునే ముఖం ఎంత లోతులో ఉందో కొలిచాడు. అందులోంచి రిమ్ము మొత్తం వెడల్పులో సగం తీసేస్తే మిగిలేదే ఆఫ్‌సెట్. ఆ అంకె 45 నుంచి 35కి దిగితే చక్రం 10 మిల్లీమీటర్లు బయటికొచ్చి ఫెండర్ అంచును వెతుక్కుంటుంది. మరీ పెరిగితే లోపల స్ప్రింగు మీదికి పోతుంది. అందుకే బిగించాక స్టీరింగ్ ఆ కొసకీ ఈ కొసకీ తిప్పించి, టైరుకీ స్ప్రింగుకీ మధ్య చూపుడువేలు పెట్టి చూశాడు. వేలు ఆడింది.

అక్కడితో తాళాలు ఇచ్చేస్తాడనుకున్నాను. ఫెండర్ లోపలి నల్ల ప్లాస్టిక్ లైనింగుకు దట్టంగా సుద్ద రాసి, వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, స్పీడ్‌బ్రేకర్ల మీదుగా తిప్పుకొచ్చాడు. దిగీదిగగానే టార్చి పట్టుకుని నాలుగు చక్రాల దగ్గరా వంగాడు. ముందు ఎడమవైపు గోరంత మేర సుద్ద చెరిగింది. అక్కడ లైనింగు క్లిప్పు ఊడి ప్లాస్టిక్ కిందికి వేలాడుతోంది. కత్తిరించెయ్యమన్నాడు కుర్రాడు. మేస్త్రి వినలేదు. డబ్బాలోంచి కొత్త క్లిప్పు ఏరి నొక్కి, ఆ గోరంత చోట మళ్లీ సుద్ద రాసి, "ఎక్కండి, ఇంకొక్క రౌండు" అన్నాడు.