అడవి కాదు, కట్టిన తోట

న్యూయార్క్ సెంట్రల్ పార్కులో చెరువు గట్టున నిలబడితే, నగరం పెరిగేటప్పుడు ఈ ఒక్క అడవినీ ఎవరో పుణ్యాత్ములు ముట్టుకోకుండా వదిలేశారనిపిస్తుంది. నిజానికి ఆ చెరువు ఒకప్పటి బురదగుంట. పార్కు ఉన్న 843 ఎకరాల్లో మనిషి చెయ్యి పడని చోటు వెతికినా దొరకడం కష్టం.

పార్కు నమూనా కోసం 1857లో పోటీ పెట్టారు. మరుసటి ఏడాది 33 నమూనాల్లోంచి ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ కలిసి గీసిన ‘గ్రీన్‌స్వార్డ్’ గెలిచింది. రాతిగుట్టలను మందుగుండు పెట్టి పేల్చారు. మొక్కలు పట్టే సారం ఆ నేలకు లేకపోవడంతో, న్యూజెర్సీ నుంచి కూడా మట్టి తోలించారు.

ఓమ్‌స్టెడ్, వాక్స్‌ల పనితనమంతా రోడ్ల దగ్గర కనిపిస్తుంది, లేదా కనిపించదు. నగరంలో తూర్పు నుంచి పడమరకు బండ్లు దాటాలి కాబట్టి పార్కుకు అడ్డంగా నాలుగు రోడ్లు వేయక తప్పదు. వాటిని నేలమట్టానికి దిగువన, గోడల మధ్య వేసి, ఒడ్డున పొదలు పెంచారు. కార్లు ఇంకా పుట్టని రోజుల్లో చేసిన ఆలోచన అది. ఈనాటికీ 79వ వీధి రోడ్డు పైనుంచి నడిచేవాళ్లకు చాలాచోట్ల బస్సు మోత వినిపిస్తుందే తప్ప బస్సు కంటపడదు. మొక్క నాటడం చాలామందికి వచ్చు. దేన్ని కంటికి ఆననివ్వకూడదో తెలిసినవాళ్లే తోటలు కట్టగలరు.

అయితే ఈ పార్కు కింద ఒక ఊరే మరుగున పడింది. పడమటి వైపు 82, 89 వీధుల మధ్య సెనెకా విలేజ్ ఉండేది. 1825 నుంచి నల్లజాతి కుటుంబాలు అక్కడ జాగాలు కొనుక్కుని ఇళ్లు, చర్చీలు, బడి కట్టుకున్నాయి. 250 డాలర్ల విలువైన ఆస్తి ఉంటేనే నల్లజాతి పురుషుడికి ఓటు ఇచ్చిన రోజులవి. అందుకే ఆ జాగా వాళ్లకు ఇంటి స్థలం ఒక్కటే కాదు, ఓటు కూడా. 1855 నాటికి అక్కడ సుమారు 225 మంది ఉండేవారు. రెండేళ్లలో అందరినీ ఖాళీ చేయించారు. సొంతదారులకు పరిహారం ఇచ్చారు. ఊరు మాత్రం మళ్లీ ఎక్కడా లేవలేదు.

2011లో పురావస్తు శాస్త్రవేత్తలు ఆ ఊరున్న చోట తవ్వితే ఒక ఇంటి పునాది రాళ్లు, ఇనుప టీ కెటిల్, తోలు అడుగున్న చిన్న బూటు బయటపడ్డాయి.

ఆ పార్కుకు వెళ్లేవాళ్లు ఫౌంటెన్ దగ్గర ఫొటోలు దిగాక, పడమటి వైపు 85వ వీధి దాకా కూడా నడవండి. పిల్లలు వెంట ఉంటే అక్కడ ఎవరు ఉండేవారో చెప్పండి.